జీవకణముపై ప్రసరించిన వెలుగు

(ఆచార్య సూరి భగవంతముగారి శాస్త్రజీవితమును, దాని ఫలమును గూర్చి శ్రీరాంపూరు పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసము)



భౌతికశాస్త్రమునకును జీవకణమునకును గల సంబంధమును గూర్చి ప్రసంగింపుడని తాము మమ్ము కోరితిరి. మేము న్యాయవాదులము గాని శాస్త్రజ్ఞులము గాము. కళాశాలలో నేర్చిన కొలదిపాటి చదువును, తరువాత గ్రంథములవలన సంపాదించిన జ్ఞానమును మాత్రమే మాకు మూలధనము. ఐనను ఈ భారమును సంతోషముతో వహించితిమి. ఏలయన, శాస్త్రము శాస్త్రజ్ఞుల సొత్తేయని చేతులు కట్టుకొని కూర్చుండు జాతి, పరులు చేసిన యంత్రములను పరులు నిర్ణయించిన వెలకు కొనుచు బ్రదుకవలసినదే. అట్టి బ్రదుకు స్వాతంత్ర్యమనిపించుకొనదు.

మన శ్రీరాంపూరు బొగ్గుగనుల యూరు. ఈ నేలక్రింది బొగ్గు కోట్లకొలది సంవత్సరములకు పూర్వము పెరిగి కూలిన యడవుల శేషము. తెల్లవారకముందే లేచి 'బాయి'కి పోవు కార్మికులు ఆ పురాతనారణ్యమును త్రవ్వి తీయగా దేశమున దీపములు వెలుగుచున్నవి. ఆ త్రవ్వకమున లేచిన ధూళిలో కొంత వారి ఊపిరితిత్తులలో నిలిచిపోవుచున్నది. వజ్రముపై ప్రసరించిన వెలుగును పరిశీలించిన ఒక తెలుగు ఆచార్యుని విద్యకును, ఈ ఊపిరికిని సంబంధమేమని తాము ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు. దానిని నిరూపించుటయే నేటి మా ప్రసంగము.

సూరి భగవంతముగారు 1909వ సంవత్సరమున కృష్ణా మండలమునందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి 1928వ సంవత్సరమున పట్టభద్రులైరి. ఆ కళాశాల నిజాం రాజ్యమున నున్నను మదరాసు విశ్వవిద్యాలయమున కనుబంధముగా నుండెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వెంకటరామన్ గారు తమ పేర ప్రసిద్ధమైన విశేషమును కనుగొనిరి. ఇరువదేండ్లైనను నిండని భగవంతముగారు ఉద్యోగమును వెదకుకొనక, తిన్నగా కలకత్తాకు పోయి రామన్ గారి శిష్యులైరి.

వారు పని చేసిన పరిశోధనాలయమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అది ప్రభుత్వము దయతో కట్టించినది గాదు. 1876వ సంవత్సరమున మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు స్వదేశీయుల విరాళములు కూర్చి దానిని స్థాపించెను. స్థాపించిన యేబదేండ్లకు పైబడిన పిమ్మట అందుండి ఈ యావిష్కారము వెలువడెను. 1930వ సంవత్సరమున దానికి నోబెలు బహుమానము లభించెను. చందా యిచ్చినవారిలో పెక్కురు దాని ఫలమును కన్నులార చూడలేదు. ఐనను వారి ధనము వ్యర్థమైనదని చెప్పగలవారెవరు?

ఇక ఆ విశేషమేమి? గాజువంటి, నీటివంటి వస్తువుపై ఒకే రంగు వెలుగును ప్రసరింపజేయుడు. కొంత వెలుగు అన్ని దిక్కులకు చెదరును. చెదరిన దానిలో ఇంచుమించు అంతయు వచ్చిన రంగుతోనే పోవును. కాని ఏ కోటికొక్కటియో యగు వెలుగురేణువు, ఆ వస్తువునందలి అణువులు కంపించుచుండగా వానికి కొంత శక్తినిచ్చియో, వానినుండి కొంత పుచ్చుకొనియో, రంగు మార్చుకొని వెలికి వచ్చును. ఆ మార్పు అణువు నిర్మాణమును బట్టి యుండును గనుక ప్రతి పదార్థమునకును తనదైన రేఖల వరుస యొకటి ఏర్పడును. మా వృత్తిలోని మాటతో చెప్పవలెనన్న, అది పదార్థము వేసిన నిశాని. దస్తావేజుపై వేలిముద్రవలె దానిని మరియొకటి అనుకరింపజాలదు.

భగవంతముగారు 1930వ సంవత్సరమున వజ్రము వేయు ముద్రను శ్రద్ధగా పరిశీలించిరి. గోలకొండ వజ్రములకు ప్రసిద్ధికెక్కిన దేశమున ఒక తెలుగువాడు వజ్రమును వెలకట్టుటకు గాక, దాని హృదయమును తెలిసికొనుటకై చేపట్టుట మనకు ముచ్చటగొల్పు విషయము. వజ్రము శుద్ధమైన కర్బనము. మన బొగ్గునందును కర్బనమే ప్రధానము. ధాతువొక్కటియైనను కూర్పు వేరగుటచేత ముద్రలు వేరు. వజ్రమున కొక్క సన్నని రేఖ. బొగ్గునకు రెండు వెడల్పైన పట్టెలు. పలుగురాతికి వేరొక రేఖ. ఈ భేదమును మరువకుడు. దీనితో మనకు ముందు పని యున్నది.

1931వ సంవత్సరమున రామన్, భగవంతముగారలు కలిసి, చెదరిన వెలుగును పరీక్షించి, ఫోటాను అనబడు వెలుగురేణువునకు ఆత్మభ్రమణము గలదనుటకు సాక్ష్యము చూపిరి. వెలుగు శక్తిని మోయుటయే గాక త్రిప్పుడు గుణమును గూడ మోయుచున్నదని దీని తాత్పర్యము. ఇట్టి సూక్ష్మవిషయమువలన ఎవరి కడుపు నిండునని ఆనాడు అడిగినవారుండవచ్చును. దానికి ప్రత్యుత్తరము కాలమే చెప్పినది.

1932వ సంవత్సరమున భగవంతముగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ విశ్వవిద్యాలయమునకు ఆనాటికి ఆరేండ్ల ప్రాయము మాత్రమే. కలకత్తాలో పేరు సంపాదించిన యువకుడు, శాస్త్రశాఖ అప్పుడప్పుడే మొలకెత్తుచున్న వాల్తేరునకు వచ్చుట సామాన్యవిషయము గాదు. అచట వారు వెలుగు చెదరుటను గూర్చియు, స్ఫటికముల స్థితిస్థాపకతను గూర్చియు, చెవికి వినరాని అతిధ్వనులను గూర్చియు శిష్యులతో పరిశోధనలు సాగించి ఆచార్యులైరి. వెలుగు పరిక్షేపమును, రామన్ విశేషమును గూర్చి వారు వ్రాసిన గ్రంథము 1940వ సంవత్సరమున వెలువడెను. గణితవేత్తయగు వెంకటరాయుడుగారితో కలిసి వ్రాసిన సమూహసిద్ధాంత గ్రంథము 1948వ సంవత్సరమున వెలువడెను.

ఈ సమూహసిద్ధాంతమన్న భయపడనక్కర లేదు. మన యాడపడుచులు ముంగిట వేయు చుక్కలముగ్గును తలంచుకొనుడు. నాలుగు ప్రక్కల నొక్కతీరుననున్న ముగ్గును పావువంతు త్రిప్పినను అది మునుపటివలెనే కనబడును. కొన్ని ముగ్గులు సగము త్రిప్పినగాని కుదురవు. ఏ రూపమును ఎన్నివిధముల త్రిప్పిన మారక యుండునో లెక్కించు గణితమే యిది. అణువులును ముగ్గులవంటివే. వాని పొందికను బట్టి ఏ కంపనము రామన్ రేఖగా కనబడునో, ఏది కనబడదో ముందుగనే చెప్పవచ్చునని ఆ గ్రంథము బోధించినది.

1949వ సంవత్సరమున వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు భౌతికశాస్త్రాచార్యులుగా వచ్చిరి. 1952 మొదలు 1957 వరకు దానికి ఉపాధ్యక్షులుగా నుండిరి. పిమ్మట 1962 వరకు బెంగుళూరు భారత విజ్ఞానమందిరమునకు అధ్యక్షులుగను, 1961 మొదలు 1969 వరకు దేశరక్షణ మంత్రికి శాస్త్రసలహాదారుగను పని చేసి, 1989వ సంవత్సరమున దివంగతులైరి. పదవుల పట్టిక నింతటితో ముగింతము. పదవులు పోవును, విద్య నిలుచును.

ఆ విద్య ఎచట నిలిచినది? భగవంతముగారు జీవశాస్త్రజ్ఞులు గారు. వారి చేతిలోనివి స్ఫటికములు, ద్రవములు. కాని వారు పరలోకగతులైన మరుసటి యేడు, 1990లో, హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినికి రామన్ పద్ధతిని జోడించి, ఒకేయొక్క సజీవకణమునుండి రేఖలు రాబట్టి ప్రకటించిరి. వజ్రముతో మొదలైన ప్రశ్న అరువదేండ్లకు జీవకణము గడప దాటినది.

ఇందలి ప్రయోజనమును గ్రహింపుడు. జీవకణమును చూచుటకు పూర్వము దానికి రంగు పూయవలసి వచ్చెడిది. పెక్కు రంగులు కణమును చంపును. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పెట్టవలెనన్న సామాన్యముగా దానిని చంపి, ఎండబెట్టి, గాలిలేని చోట నుంచవలయును. చచ్చినదానిని కోసి బ్రదుకును తెలిసికొనుట ఎంతవరకు సాధ్యము? కణమున ఇంచుమించు మూడువంతులు నీరే. పరారుణకిరణములను పంపిన ఆ నీరు మ్రింగివేయును. రామన్ పద్ధతిలో మాత్రము నీటి ముద్ర మిక్కిలి పలుచనిది. అది తక్కినవానికి అడ్డురాదు. కావున మాంసకృత్తు, కొవ్వు, కేంద్రకామ్లము అన్నియు తమ తమ నిశానులను వేయుచుండగా, కణమును చంపక, రంగు పూయక చదువవచ్చును.

వెలుగు వస్తువులను పట్టుకొనను గలదు. అమెరికా దేశపు ఆర్థరు ఆష్కిన్ గారు 1986వ సంవత్సరమున లేజరు వెలుగును ఒక బిందువున కేంద్రీకరించి, దానితో సూక్ష్మరేణువులను పట్టుకారుతోవలె పట్టి నిలిపిరి. మరుసటి యేడు బ్రదికియున్న సూక్ష్మజీవులనే పట్టిరి. దీనికై 2018లో వారికి నోబెలు బహుమానము వచ్చినది. ఆ పట్టులోనున్న రేణువును త్రిప్పవలెనన్న, త్రిప్పుడు గుణము గల వెలుగును పంపిన చాలును. 1931లో ఎవరికి పనికివచ్చునని శంకింపబడిన ఆత్మభ్రమణమే నేడు సూక్ష్మలోకమున కవ్వమువలె పని చేయుచున్నది.

ఇట్టి పరిశీలన మన మండలముల బాధలకు దూరమైనది గాదు. ఆదిలాబాదు అడవులలోని గోండు మున్నగు గిరిజనులలో కొడవలికణ వ్యాధి గలదు. ఎఱ్ఱకణము వెడల్పు ఏడెనిమిది మైక్రానులు. మైక్రానన మిల్లీమీటరులో వేయవవంతు. ఆ కణము తనకంటె సన్నని నాళములలో వంగి, నలిగి, దూరిపోవలయును. ఈ వ్యాధిగలవానిలో ప్రాణవాయువు తగ్గగనే కణములోని రక్తవర్ణకము పోగులు పోగులుగా పేరుకొని, కణము కొడవలివలె వంగి బిరుసెక్కును. అది దారి కడ్డుపడగనే భరింపరాని నొప్పి పుట్టును. మెత్తని వస్తువు బిరుసగుట భౌతికశాస్త్రవిషయము గాదా? ఆ బిరుసును వెలుగు పట్టుకారుతో కణమును సాగదీసి కొలుచుచున్నారు. ఆ నొప్పి పడువాడు మాత్రము ఉట్నూరు అడవిలోని పసివాడు.

ఇప్పుడు బొగ్గుధూళి మాటకు వత్తము. కంటికి కనబడు ధూళిని చూచి మనము భయపడుదుము. నిజమున కది అంతటి శత్రువు గాదు. యాబది మైక్రానుల ధూళికణము మనిషి యెత్తునుండి ఇరువది క్షణములలోపల నేలకు దిగును. ముక్కులో ప్రవేశించినను అచటనే చిక్కుకొనును. ఒక్క మైక్రాను ధూళికణము నిశ్చలమైన గాలిలో ఆ యెత్తునుండి దిగుటకు పది గంటలకు పైగా పట్టును. 1851లో స్టోక్సు అను గణితవేత్త చెప్పిన సూత్రమున ఈ లెక్క కట్టవచ్చును. అనగా గాలి కదలని చోట మొదటి షిఫ్టువారు లేపిన ధూళిని రెండవ షిఫ్టువారు పీల్తురు. గాలి నిర్మలముగా కనబడుచుండగనే ఈ పని జరుగును. కంటికి కనబడనిదే హంతకుడు.

ఐదు మైక్రానులలోపు రేణువులు ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులను చేరును. అచట భక్షకకణములు కాపలా యున్నవి. అవి వచ్చిన రేణువును మ్రింగి, ఆమ్లముతో నిండిన సంచిలో పెట్టి జీర్ణింపజూచును. సూక్ష్మజీవి యైనచో జీర్ణించును. బొగ్గురేణువు జీర్ణింపదు, అట్లే పేరుకొనుచుండును. బొగ్గుతోపాటు పైరాయిని, నడిరాయిని తొలిచినపుడు లేచు పలుగురాతి ధూళి యింతకంటె క్రూరమైనది. క్రొత్తగా పగిలిన ఆ రేణువు ముఖము సంచిపొరను చించును. ఆమ్లము కణములోనికి కారును. ఇట్లు చినిగిన సంచియే కణములో అపాయఘంటను మ్రోగించి మంటను పుట్టించుచున్నదని 2008వ సంవత్సరమున వివరింపబడినది. కణము చచ్చును, రేణువు చావదు. దానిని మరియొక కాపలాకణము మ్రింగును, అదియు చచ్చును. ఇట్లు చచ్చినచోటనెల్ల మచ్చకట్టి, స్పంజివలె సాగి ముడుగవలసిన ఊపిరితిత్తి తోలువలె బిగిసిపోవును. దీనినే సిలికోసిస్ అందురు. ఒకసారి కట్టిన మచ్చను మాన్పు మందు లేదు. గనిపని మానిన పిమ్మటను వ్యాధి ముదురుచుండవచ్చును.

రామన్ వెలుగు ఈ వ్యాధికి మందని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుట మిమ్ము వంచించుట యగును. కాని ధూళిలో పలుగురాయి యెంత, బొగ్గెంత యని తేల్చుటకును, ఊపిరితిత్తి ముక్కలో చిక్కిన రేణువు ఏ జాతిదని గుర్తించుటకును పరిశోధకులు దానిని వాడియున్నారు. వజ్రమునకును బొగ్గునకును పలుగురాతికిని ముద్రలు వేరని ముందు మనవి చేసితిమి. మా వృత్తిలో దీని విలువ మాకు తెలియును. 1923వ సంవత్సరపు నష్టపరిహారపు చట్టము మూడవ యనుబంధములో ఈ ధూళిరోగమును వృత్తిరోగముగా నంగీకరించినది. 1952వ సంవత్సరపు గనుల చట్టము వృత్తిరోగము బయటపడినపుడు అధికారులకు తెలుపవలెనని విధించినది. చట్టము కలదు, కొఱవడునది సాక్ష్యము. దగ్గుచు వచ్చినవానికి క్షయయని చీటి వ్రాసిన, ఆ చీటియే అతని వ్యాజ్యమునకు ఉరియగును. పలుగురాతి ధూళి సోకినవానికి క్షయ త్వరగా పట్టునన్నది నిజమే. కాని క్షయను వ్రాసి ధూళిని వ్రాయకుండుట సగము సత్యము. న్యాయస్థానమున సగము సత్యముతో విధవరాలికి పరిహారము రాదు.

కొందరు మిత్రులు, బీదదేశమునకు వజ్రముల కంపనములేల, ముందు అన్నము పెట్టరాదా యని యందురు. వారి దయను మేము గౌరవింతుము. వారి తర్కము నంగీకరింపజాలము. గనిలో నీరు చల్లి ధూళిని అణచుట, తడిపి తొలుచుట, గాలి ప్రవాహమును నడుపుట, ఇవి యన్నియు భౌతికశాస్త్రము పెట్టిన భిక్షలే. ఎక్సుకిరణములను 1895లో కనుగొన్న రాంట్జను వాని మూలమున గనికార్మికుని రొమ్ములోని మచ్చను చూడవలెనని పూనుకొనలేదు. విద్యను విత్తినవానికి ఫలము పండు పొలమేదో తెలియదు. కాని విత్తనివారికి ఏ పొలమునందును పండదని మాత్రము నిశ్చయము.

ఇక భాష మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనాభాషగా స్థాపింపబడి, ఇంచుమించు ముప్పది సంవత్సరములు భౌతికశాస్త్రమును, వైద్యమును గూడ ఆ భాషలోనే బోధించినది. దేశభాష శాస్త్రమును మోయలేదనువారికి ఇంతకంటె ప్రత్యుత్తరము వలదు. తెలుగున 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, ఆచంట లక్ష్మీపతిగారిచేత జీవశాస్త్రమును వ్రాయించినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. 1977లో హైదరాబాదున, ఉస్మానియాకు సమీపముననే, జీవకణమును అణువణువునను శోధించు కేంద్రము వెలసినది. ఆ కేంద్రమునకును మన కాలరీకిని నడుమ దూరము మైళ్లతో కొలువదగినది గాదు. అచటి మాట మన మాటగా మారి యిచటికి రాకుండుటయే ఆ దూరము. ధూళి కొలతల కాగితము ఆంగ్లమున నుండి, ధూళిని పీల్చువాడు తెలుగువాడైన, ఆ కాగితము ఎవరిని కాపాడును?

కావున మా మనవి మూడు మాటలు. మొదటిది: గనులయందు ధూళిని కొలిచిన లెక్కలు తెలుగున, పదుగురు చదువుచోట, అంటింపబడవలెనని కార్మికసంఘములు కోరవలయును. చదివి వినిపించు పని ఈ పఠనమందిరము పూనవలయును. రెండవది: పని మానిన వృద్ధకార్మికులను గూడ యేటేట పరీక్షింపజేసి, ఆ పటములను, చీటీలను ఇంట భద్రపరుపుడు. అవి రేపటి సాక్ష్యములు. మూడవది: చందాలు వేసికొని ఈ మందిరమునకు ఒక మంచి సూక్ష్మదర్శినిని కొనుడు. నాటకమునకు, ఉత్సవమునకు ఇచ్చు చేతులే దీనికిని ఈయగలవు. వేలి కొసనుండి తీసిన ఒక్క నెత్తురుబొట్టున కోట్లకొలది కణములుండుట మన పిల్లలు తమ కన్నులతో చూతురుగాక.

ఆగిరిపల్లిలో పుట్టిన బాలుడు వజ్రమును ప్రశ్నింపగలిగినపుడు, శ్రీరాంపూరులో పుట్టిన బాలిక బొగ్గును ప్రశ్నింపలేదా? తండ్రి ఊపిరిలో చిక్కిన ధూళి యేమిటో తెలిసికొనవలెనను కోరిక ఆమెకంటె ఎవరికి అధికముగా నుండును? ఆ కోరికకు పుస్తకమును, పరికరమును, అర్థమగు భాషను సమకూర్చుట మన ధర్మము. ఆ ధర్మము నెరవేర్చితిమేని, భగవంతముగారివంటి ఆచార్యులు వెలిగించిన దీపము గనిలోనికి దిగును. దిగి మన మనుష్యులను సజీవులుగా పైకి తెచ్చును.